సందెకు ఇల్లు చేరే గిన్నెలు

అది 2023. ఎండలు ఇంకా తగ్గలేదు. మృగశిర వానల కోసం అందరూ మబ్బుల వైపే చూస్తున్నారు. పెద్దేముల్‌లో సందె పడింది, ఎప్పటిలాగే గిన్నెలు ఇళ్లకు మళ్లుతున్నాయి. కూర పోసి పక్కింటికి పంపినవి, పెళ్లికని అడిగి తీసుకుపోయినవి, ఏవైనా సరే, ఎవరి పేరు చెక్కి ఉంటే వాళ్ల దగ్గరికి దొర్లుకుంటూ వస్తాయి. అరుగు మీద కూర్చున్న బాలప్ప కాళ్లు పైకెత్తాడు. తన చెంబు దొర్లుకుంటూ వచ్చి కింద ఆగింది.

“పక్కింటి మొగులమ్మ మల్ల కడగకుండనే పంపింది సూడు,” అని ఆయన భార్య నాగవ్వ చెంబు తీసుకుంటూ గొణిగింది.

ఈ సంగతి తెలిసి కూడా వాళ్ల బిడ్డ నిరోషా ఒకసారి దెబ్బతిన్నది. రెండేళ్ల కింద మొగుడు చంద్రకాంత్‌తో కలిసి వికారాబాద్ స్టేషన్ దగ్గర జొన్నరొట్టెల బండి పెట్టింది. సామానంతా అలవాటు ప్రకారం ఇంటాయన పేరు మీదే చెక్కించింది. ఒకనాడు హైదరాబాద్‌లో పని ఉందని చెప్పి ఆయన వెళ్లాడు. సందె పడగానే పెనాలు, గిన్నెలు, గరిటెలు బండి దిగి, హైదరాబాద్ దిక్కు కాకుండా బషీరాబాద్ దిక్కు తిరిగాయి. ఆయనకు అక్కడ ఇంకో ఇల్లుందని అట్లా తెలిసింది. రొట్టెల కోసం నిలబడ్డ జనం ముందు నిరోషా పిండి చేతులతో మిగిలింది. అప్పటి నుంచి తల్లిగారింట్లోనే ఉండి కంది చేన్లకు కూలికి పోతోంది.

ఇప్పుడు మళ్లీ బండి పెడతానంటోంది. బాలప్ప కొన్నాళ్లు మాట్లాడటం మానేశాడు. అది కూడా పని చేయకపోయేసరికి, “సామాను నేను సూసి కొనిస్త. నువ్వొక్కదానివి పోతే మెరిసేటివన్నీ తెస్తవు,” అని షేర్ ఆటో ఎక్కాడు. కొత్త పెనం కూడా ఆ మందంలోనే ఉండాలని, ఇంట్లో పెనాన్ని నిరోషా సంచిలో పెట్టుకుంది.

తాండూరులో ప్రేమ్‌సాగర్ సేటు దుకాణం. సేటు నల్లగా నిగనిగలాడే పెనం ఒకటి చేతికిచ్చాడు. “దీని మీద రొట్టె అంటుకోదు పెద్దమనిషీ.”

“మా అట్లకాడ ఇనుపది సేటూ. నాలుగు దినాలల్ల నీ పూత గిరాకీల కడుపులకు పోతది.”

“మరి గీ మిషన్? పిండి పెట్టి నొక్కితే రొట్టె.”

“జొన్నపిండి దాంట్ల పగుల్తది. చెయ్యితోని తట్టాలె,” అన్నది నిరోషా. బాలప్ప ఆమె వైపు మెచ్చుకోలుగా చూసి, వెంటనే మొహం తిప్పేసుకున్నాడు.

ప్రతి పెనాన్నీ బండ మీద పెట్టి వేలితో అంచు నొక్కాడు. అడుగు ఆడితే రొట్టె ఒక దిక్కు మాడుతుంది, ఒక దిక్కు పచ్చిగా ఉంటుంది. చేతిపిడి గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు. పిండి కలిపే పరాత వెడల్పుగా ఉన్నదే తీసుకున్నాడు. నిరోషా ముచ్చటపడ్డ డబ్బాల వరస మొత్తం వెనక్కి నెట్టాడు. “దినాం చేతికి వచ్చేటియి కొను. కడిగి బోర్లించేటియి కాదు.” చివరికి కొంచెమే మిగిలింది. ఉన్నదంతా గట్టిది. కానీ ఇంటి పెనం మందం మాత్రం దేనికీ లేదు.

“గసొంటివి ఇప్పుడెవ్వరు చేస్తలేరు,” అని సేటు గిన్నెల మీద పేర్లు చెక్కే మిషన్ చేతిలోకి తీసుకున్నాడు. “ఏం పేరు?”

“బాలప్ప,” అన్నాడు బాలప్ప.

“నిరోషా,” అన్నది నిరోషా.

సేటు మిషన్ కింద పెట్టాడు.

“నీ పేరైతే సందెకు అన్నీ పెద్దేముల్ బాట పడ్తయి నాయినా. గిరాకీ జమయ్యేదే అప్పుడు.”

“పడనియ్. వాటెంట నువ్వు గూడ ఇంటికొస్తవు.”

“మొదాలు ఆయన పేరు. ఇప్పుడు నీ పేరు. నా పేరు మొయ్యలేనంత పలచటి గిన్నెలా ఇవి?”

బాలప్ప దుకాణం దిగి, రోడ్డు దాటి, చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఆయన పట్టు పడితే ఎంతసేపైనా అట్లాగే కూర్చుంటాడు.

ఇంతలో సందె పడింది. నిరోషా సంచిలో పెనం కదిలింది. దాని మీద ఉన్నది బాలప్ప పేరే. అది సంచి చీల్చుకుని బయటికి దూకింది. మామూలుగా ఎవరైనా వదిలేస్తారు. నిరోషా రెండు చేతులతో కాడ పట్టుకుంది. పెనం ఆమెను దుకాణం బండల మీదుగా ఈడ్చింది, మెట్లు దింపింది, రోడ్డు మీదికి లాగింది. ఆటోలు ఆగిపోయాయి.

“ఇడిసిపెట్టక్కా, అదే పోతది ఇంటాయన కాడికి!” అని ఒక ఆటోవాడు అరిచాడు.

ఆమె వదల్లేదు. పెనం బాలప్ప కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. నిరోషా మోచేతులు చెక్కుకుపోయి నెత్తురు వస్తోంది.

“ఇడిసిపెట్టు బిడ్డా,” అన్నాడు ఆయన.

“బండి కాడ గూడ ఇడువను. దినాం గిట్లనే ఈడ్చుకొస్తది నన్ను. నీకు మంచిదేనా?”

బాలప్ప ఆ మోచేతులను తువ్వాలతో తుడిచాడు. పెనం పట్టుకుని లేచి దుకాణంలోకి నడిచాడు.

“సేటూ, దీని మీద నా పేరు గీకెయ్యి. అన్నిటి మీద నా బిడ్డ పేరు కొట్టు.”

“ఇది ఇంటి పెనం గద. అవ్వ ఏమంటదో,” అన్నది వెనకే వచ్చిన నిరోషా.

“మస్తు అంటది. నేను పడ్త తియ్.”

మిషన్ జుయ్యిమన్నది. చివరి అక్షరం పడగానే పెనం బల్ల మీద నుంచి జారి, నిరోషా ఒళ్లో వెచ్చగా వాలింది.

వానలు పడ్డాక వికారాబాద్ స్టేషన్ దగ్గర బండి నిలబడింది. సందె రైలు దిగినవాళ్లు రొట్టెల కోసం వరస కడుతున్నారు. చీకటి పడ్డా ఒక్క గిన్నె కూడా బండి దిగడం లేదు.

ఇంటి పెనం మళ్లీ పెద్దేముల్‌కు రాలేదు. నాగవ్వ ఇప్పుడు రేకు పెనం మీద రొట్టెలు చేస్తోంది. బాలప్ప నడుమ మాడిన రొట్టె తింటున్నాడు.