పిన్నిగారి మూడో ప్రశ్న

జవాబు వినే ఉద్దేశం లేకుండా ప్రశ్న అడగటం అబద్ధం కిందికి వస్తుందా?

సెగెద్ పట్టణ సాంస్కృతిక భవనం మేడ మీద, టుర్ఫా అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇంకా వదలని వాళ్ల నెలవారీ సమావేశంలో, బెండెగూజ్ తనను తాను అడుగుతున్న ప్రశ్న అది. టుర్ఫాలో ఏ ప్రోగ్రామైనా ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకు అక్కడికక్కడే తయారు కావాలి. ఆ పని చేసే స్క్రిప్టు, అంటే ఆదేశాల చిట్టా, ముందుగా ఊరు సముద్రానికి ఎంత ఎత్తులో ఉందన్న దగ్గర నుంచి ప్రింటరు రంగు దాకా అడుగుతుంది. దాన్ని సులభం చేద్దామని విప్పి చూస్తే, అది ఒక్క జవాబునూ వాడుకోవటం లేదు. అందుకని ప్రశ్నలన్నీ తీసేసి, నాలుగు వరుసల స్క్రిప్టు పట్టుకొచ్చాడు.

ఎతెల్క పిన్ని పొగాచలనే ఉప్పు బన్నుల పళ్ళెం పక్కకు జరిపి ఆ కొత్త స్క్రిప్టును నడిపింది. కొత్తగా చేరినవాళ్లకు ఇన్‌స్టాల్ చేయటం నేర్పేది ఆవిడే. క్లబ్బులో ఆవిడకున్న పెద్దరికమంతా అదే.

"నా మూడో ప్రశ్న ఏదిరా?"

"ఏది పిన్నీ?"

"ప్రోగ్రాముతో పాటు దాని వివరణ పుస్తకం కూడా కావాలా అని అడిగేది. వద్దంటే సగం సమయంలో అయిపోతుందని ఈ కొత్తవాళ్లకు ఇప్పుడే చెప్పాను."

"నేనైతే అన్నిటికీ అవుననే అంటాను," అన్నాడు పాత సభ్యుడు లొరింత్స్, పొగాచ నములుతూ. "ప్రింటరు ఉందా అన్నా సరే."

"నీకు ప్రింటరే లేదు కదయ్యా."

"అంత మర్యాదగా అడుగుతుంటే లేదని ఎలా అంటాం?"

కొత్తవాళ్లు నవ్వారు. పిన్ని నవ్వలేదు.

"లోపల చూసినవాడివి నువ్వు. నేను నేర్పేది నిజమా కాదా, వీళ్ల ముందే చెప్పు."

బెండెగూజ్ తెర వైపు చూశాడు. పని ఇంకా సాగుతూనే ఉంది. సమయమంతా తింటున్నది ఆ వివరణ పుస్తకమే. పాత స్క్రిప్టు అడిగి కూడా వినలేదు. తనది అసలు అడగనే లేదు. ఇందులో సులభమైనది ఏమిటి? తన పని ఒక్కటేనేమో. ఆవిడ చెప్పినదాంట్లో తర్కం తప్పు లేదు, అలా నడుచుకోని యంత్రానిదే తప్పు.

"ఇంతవరకూ నిజం కాదు పిన్నీ. మీరు వద్దన్నా అది పుస్తకం తయారుచేస్తూనే ఉంది."



"అంటే ఇన్నేళ్లూ చెవిటిదానికి చెప్పుకున్నానా?"

"అవును."

"మా ఆయన దగ్గర అలవాటైన పనేలే," అంది పిన్ని. కానీ ఆవిడ చెయ్యి కీబోర్డు మీద నుంచి జారి ఒళ్లో పడింది. "మరి రేపటి నుంచి వీళ్లకు నేర్పటానికి నాకేం మిగిలింది?"

ఒక్క ప్రశ్న ఉండాలి, దాని జవాబు చెల్లాలి అనుకున్నాడు బెండెగూజ్. కుర్చీ దగ్గరికి లాక్కుని, నడుస్తున్నదాన్ని ఆపేశాడు. ఆవిడ ప్రశ్నను మళ్లీ రాసి, వద్దంటే పుస్తకం జోలికి పోవద్దని దాని కింద మరో వరుస చేర్చాడు. సేవ్ చేసి, కీబోర్డు ఆవిడ వైపు తిప్పాడు.