మూడొందల యాభై రూపాయల దీవి

మా ఇంటి డబ్బు నా చేతిలో ఉంటుంది, మా పేట దుర్గాపూజ డబ్బు మా ఆయన చేతిలో ఉంటుంది. ఈ రెండూ ఎన్నడూ తారుమారు కాలేదు కాబట్టే మా కాపురం ఇన్నేళ్ళు సజావుగా సాగింది. ఆయన అసలు పేరు నిర్మాల్య. కోన్నగర్‌లో ఆ పేరు రేషన్ కార్డుకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పేటంతా ఖోకా అంటారు, పసివాడని. పసివాడికి నలభై ఎనిమిదేళ్ళు, రోజుకి రెండు బీపీ మాత్రలు. ఆయన కార్యదర్శిగా ఉన్న క్లబ్బు పేరు నవీన్ సంఘ. అందులో అందరికంటే నవీనుడు మా ఆయనే.

ఆ ఏడు పూజకి ముందు మా ఇంట్లో జరిగిన గొడవంతా మా అమ్మాయి ఝిమ్లి ఆట గురించి. దానికి పదేళ్ళు. పుట్టినరోజుకి మా తమ్ముడు ఒక ఆన్‌లైన్ ఆటకి మూడు నెలల డబ్బు కట్టి బహుమతి అన్నాడు. గౌను కొనిచ్చి ఉంటే ఏడాదిలో పొట్టిదయ్యేది, ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు. ఆట పేరు మేఘదీవి. మబ్బు మీద పిల్లకో దీవి ఇస్తారు. దాని మీద ఇళ్ళు కట్టుకోవచ్చు, చెట్లు నాటుకోవచ్చు, స్నేహితుల్ని పిలుచుకోవచ్చు. అదంతా నెలకి మూడొందల యాభై కడుతున్నంత కాలమే. కట్టడం మానిన రోజున దీవికి తాళం పడుతుంది.

మా తమ్ముడు కట్టిన మూడు నెలలూ పూజకి ముందు వచ్చే ఆదివారంతో అయిపోతాయి. అయిపోతే పోయింది అనుకునేదాన్నే. కానీ ఝిమ్లీ, దాని క్లాసు పిల్లలు ఇంకో నలుగురూ కలిసి ఆ దీవి మీద పూజపందిరి కడుతున్నారు. నెల రోజులుగా అదే పని. షష్ఠినాడు తెరవాలని ముహూర్తం పెట్టుకున్నారు. మిగతా నలుగురివీ ఊరికే ఇచ్చే చిన్న దీవులు, కాకి వాలితే నిండిపోతాయి. పందిరి పట్టేది మా పిల్ల దీవి మీదే. దానికి తాళం పడితే ఐదుగురి కష్టమూ లోపలే ఉండిపోతుంది.

భోజనాల దగ్గర ఝిమ్లి విషయం కదిపింది. మా ఆయన ఇలీశ్ చేప ముల్లు తీస్తూ అడిగాడు.

"మూడొందల యాభై కడితే చేతికేం వస్తుంది తల్లీ?"

"దీవి ఉంటుంది బాబా."

"ఎక్కడ?"

"ట్యాబ్‌లో."

"కట్టడం మానేస్తే?"

"తాళం వేస్తారు."

"చూశావా మరి. మూడు నెలలు కడితే ఒక్క ఇటుక ఇంటికి రాలేదు. అది పొగ. పొగకి ఎవరైనా నెలనెలా జీతం ఇస్తారా?"

ఆయన ముల్లు తీస్తున్న చేప కిలో పద్దెనిమిది వందలు. అదీ పావుగంటలో మాయమైంది. నేనూ తింటున్నాను కాబట్టి ఏమీ అనలేదు.

నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ ఆయన పక్షమే. మా పిల్ల పాటల మాస్టారికే నెలకి ఆరు వందలు పోస్తున్నాం. రెండేళ్ళుగా ఒకటే పాట నడుస్తోంది. అది హార్మోనియం తెరవగానే పక్కింటి కుక్క లేచి వెళ్ళిపోతుంది. దీనికి తోడు ఇంకో ఖర్చెందుకు అనుకున్నాను. అయినా పిల్ల అక్కడ ఏం వెలగబెడుతోందో చూద్దామని నాలుగు సాయంత్రాలు కూరగాయలు తరుగుతూ దాని పక్కన కూర్చున్నాను.

నోరు తెరుచుకుని బొమ్మలు చూస్తూ ఉంటుందనుకున్నాను. అది మేస్త్రీలా ఉంది. ఎవరు ఏ వరసలో దీపాలు పెట్టాలో కాగితం మీద రాసుకుంది. పౌలోమి, ఇరా అనే ఇద్దరు పిల్లలు ద్వారానికి ఏ రంగు వెయ్యాలని జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వచ్చారు. మా పిల్ల ఇద్దరికీ చెరో తలుపు ఇచ్చి తగువు తీర్చింది. ఇంట్లో తన చెప్పులు ఎక్కడున్నాయో తెలియని పిల్ల. చూస్తూ చూస్తూ వేలు కోసుకున్నాను.

నా మనసు మెత్తబడింది. కానీ ఆ మాట పైకి అనలేదు. "మీ బాబా ఊఁ అంటే కడతాను" అని తప్పించుకున్నాను. అది నా పిరికితనమే. ఝిమ్లి ఆయన వెంట పడింది. ఆయనేమో "చేతికేం వస్తుందో ఆలోచించి చెప్పు. సరైన జవాబు చెప్పిన రోజున కడతాను" అని కూర్చున్నాడు. పిల్ల మూడు రోజులు అన్నం ముందు కూర్చుని కూడా పెదవులు కదుపుతూ ఆలోచించింది. ఆదివారం రానే వచ్చింది. సాయంత్రం ఆరింటికి తాళం.

ఆ ఆదివారమే సన్యాల్ గారింటికి చందాకి వెళ్ళాల్సిన రోజు. హరనాథ్ సన్యాల్ ముప్పై ఆరేళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పెద్దవాడు కాబట్టి మేమంతా జేఠూ అంటాం, పిల్లలు దాదూ అంటారు. ఏటా గంటసేపు నిలదీసి, యాభై ఒక్క రూపాయలు ఇస్తాడు. ఆ గడప ఒంటరిగా ఎవరూ తొక్కరు. మా వైపు చందాలకి వెళ్ళేటప్పుడు మొండివాళ్ళ ఇళ్ళకి ఒక పిల్లనో పిల్లాడినో వెంటపెట్టుకుని వెళ్తారు, పిల్లల ముందు కటువుగా మాట్లాడలేరని. అలా రసీదు పుస్తకం ఝిమ్లి చేతికిచ్చి, మాట సాయానికి నన్ను తీసుకుని, మా ఆయన మధ్యాహ్నం మూడున్నరకి బయల్దేరాడు.

టీ వచ్చింది. జేఠూ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఖోకా, పోయినేడు నేను యాభై ఒకటి ఇచ్చాను. అదిప్పుడు ఎక్కడుందో చూపించు."

"ఎలా చూపిస్తాను జేఠూ, పందిరి విప్పేశాం కదా."

"వెదుళ్ళు?"

"అద్దెవి."

"లైట్లు?"

"లైట్లవాడు తీసుకుపోయాడు."

"అమ్మవారి విగ్రహం?"

"గంగలో కలిపాం."

"అంటే మూడు లక్షల చిల్లర ఖర్చు పెట్టారు, ఒక్క ఇటుక మిగల్లేదు. ఈ ఏడు మళ్ళీ పొగకి డబ్బు అడగడానికి వచ్చావు. అంతేగా?"

ఈ చోట మా ఆయన ఒక ఉపన్యాసం ఇస్తాడు. పందొమ్మిదేళ్ళుగా వింటున్నాను, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. ఆయన గొంతు సవరించుకున్నాడు, చెయ్యి పైకెత్తాడు. అప్పుడు కన్ను ఝిమ్లి మీద పడింది. పిల్ల రసీదు పుస్తకం గుండెకి ఆనించుకుని వాళ్ళ నాన్న నోటికేసి చూస్తోంది. ఎగతాళి లేదు, కోపం లేదు. సరైన జవాబు ఇప్పుడు బయటికొస్తుంది, గబగబా నేర్చుకోవాలి అన్న ఆత్రం అంతే. ఆయన ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. కాసేపటికి దించుకుని, ఖాళీ కప్పులోంచి టీ తాగాడు.

"ఏం ఖోకా, ఈసారి ఉపన్యాసం లేదా? అది విందామనే టీ పెట్టించాను" అన్నాడు జేఠూ. "బౌమా, నీ మొగుడికి ఒంట్లో బాగాలేదా?" అని నన్ను కోడలి వరసతో అడిగాడు.

"బాగానే ఉంది జేఠూ" అన్నాను.

ఝిమ్లి ఒక అడుగు ముందుకి వేసింది.

"దాదూ, నేను చెప్పనా? బాబా నన్ను కూడా ఇదే అడిగాడు, వేరేదాని గురించి. మూడు రోజులు ఆలోచించాను. అది నా దానికోసం అనుకున్న జవాబు. పూజకి కూడా సరిపోతుందేమో."

"చెప్పు చూద్దాం."

"ఏమీ మిగలదు దాదూ. బాబా అన్నది నిజమే. కానీ పోయినేడు అష్టమినాడు మీరు శంఖం ఊదే పోటీకి జడ్జి కదా. మా అమ్మ ఊదితే శబ్దం రాలేదు, గాలే వచ్చింది. మీరు నవ్వీ నవ్వీ కళ్ళజోడు జారవిడుచుకున్నారు. పాపం చాలా కష్టపడింది అని మళ్ళీ మా అమ్మకే బకెట్టు బహుమతి ఇచ్చారు."

ఇంకో ఉదాహరణ దొరకలేదా దీనికి అనుకున్నాను.

"మామూలు రోజుల్లో మీ గేటుకి గొళ్ళెం పెట్టే ఉంటుంది" అంది ఝిమ్లి. "ఆ ఐదు రోజులూ తీసే ఉంది. మేము లోపలికొచ్చి జామకాయలు కూడా కోసుకున్నాం, మీరు ఏమీ అనలేదు. అదంతా ఎక్కడుందో నేను చూపించలేను దాదూ. కానీ జరిగింది. పందిరి కట్టకపోతే జరిగేది కాదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు రోజులు తన దీవి కోసం కూడబెట్టుకున్న ఒకే ఒక్క మాటని ఆ పిల్ల వాళ్ళ నాన్న పరువు నిలబెట్టడానికి ఖర్చు పెట్టేసింది. తనకంటూ ఏమీ అడగలేదు.

జేఠూ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఆ వేరేది ఏమిటే?"

ఝిమ్లి దీవి సంగతి, పందిరి సంగతి, తాళం సంగతి చెప్పింది. ఆయన గోడ గడియారం చూశాడు. నాలుగుంపావు.

"ఖోకా, మరి కట్టావా?"

"ఆలోచించి జవాబు చెప్పమన్నాను జేఠూ" అని నసిగాడు మా ఆయన.

"చెప్పింది కదయ్యా. వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. నీకు వినబడలేదా?" జేఠూ లేచి బీరువా తీసి ఐదొందల ఒకటి లెక్కపెట్టి ఝిమ్లి చేతిలో పెట్టాడు. "ముప్పై ఆరేళ్ళు ఆఫీసర్లని ప్రశ్నలడిగాను. ఒక్కడూ ఏమీ మిగల్లేదని ఒప్పుకోలేదు. రసీదు నువ్వే రాయి."

వీధిలోకి వచ్చి పదడుగులు వేశాక మా ఆయన మిఠాయి కొట్టు ముందు ఆగిపోయాడు. సందేశ్ కొంటాడేమో అనుకున్నాను. జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఎక్కడ నొక్కాలే?"

ఝిమ్లి చూపించింది. డబ్బు వెళ్ళింది. ఆయన తెరని అటూ ఇటూ తిప్పాడు.

"రసీదేదీ?"

"మెయిల్‌లో వస్తుంది బాబా."

"ఒక్క నెలే, గుర్తుంచుకో. పూజ అయ్యేదాకా. తర్వాత మళ్ళీ అడగకూడదు."

"చాలు బాబా" అంది పిల్ల. నిజంగానే చాలన్నట్టు నవ్వింది. రోడ్డు మీదే గెంతుతూ ఇంటికి వెళ్ళింది, నలుగురికీ చెప్పాలని.

షష్ఠి పొద్దున రెండు పందిళ్ళూ తెరుచుకున్నాయి. అసలు పందిరి దగ్గర ఊపిరాడని పనిలో కూడా మా ఆయన అన్నానికొచ్చినప్పుడల్లా ట్యాబ్ ముందు చేరాడు.

"లోపలికీ బయటికీ ఒకటే దారి పెట్టారేమిటే? జనం తొక్కుకుంటారు."

"ఒకేసారి పన్నెండు మందే పడతారు బాబా."

"తొక్కుకోవడానికి పన్నెండు మంది బెంగాలీలు చాలు. వెనక ఒక దారి తియ్యండి."

తీశారు. ఐదు రోజుల్లో మూడొందల నలభై మంది వచ్చారు. మా తమ్ముడు బెంగుళూరు నుంచి వచ్చాడు, అంటే ఫోన్‌లో. నేను బాతు రూపంలో వెళ్ళాను, వేరే రూపాలన్నీ ఆ పిల్లల అక్కలు తీసేసుకున్నారట. వెయ్యి దీపాల కింద నుంచి బాతునై నడుస్తుంటే, నమ్ముతారో లేదో, నాకు ఒళ్ళు పులకరించింది. జేఠూ కూడా మా ఇంటికొచ్చి, కుర్చీ లాక్కుని, పందిరంతా తిరిగి చూసి, దీపాలు తొమ్మిది వందల ఎనభై ఆరే ఉన్నాయని తేల్చాడు. పిల్లలు పరుగెత్తి పద్నాలుగు పెట్టారు.

దశమి సాయంత్రం అమ్మవారు గంగలోకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న మైదానంలో వెదుళ్ళు విప్పుతున్న చప్పుడు ఇంట్లోకి వినబడుతోంది. ఏటా ఆ పొద్దున్న మా ఆయన ఎవరితోనూ మాట్లాడడు. నిమజ్జనం వేళ ఘాట్ దగ్గర అరిచి అరిచి గొంతు కూడా ఉండదు. దిగులుగా మంచం మీద కూర్చున్నాడు. అప్పుడే ఐదుగురు పిల్లలూ మా ఇంటికొచ్చారు. పెద్దవాళ్ళ కాళ్ళకి దండం పెట్టి, కొబ్బరి లడ్డూలు నోట్లో కుక్కుకుని, తమ పందిరి విప్పడానికి ట్యాబ్ చుట్టూ కూర్చున్నారు.

ఒక్కో వరస దీపాలు తీశారు. రెండు తలుపులూ తీశారు. చివరికి అమ్మవారి బొమ్మని ఐదుగురూ కలిసి మబ్బు అంచుదాకా తీసుకెళ్ళి మెల్లగా కిందికి వదిలారు. మా ఆయన ఎప్పుడు లేచి వచ్చాడో, వాళ్ళ వెనక నిలబడి ఉన్నాడు. బొమ్మ మబ్బుల్లో మునిగిపోగానే రెండు చేతులూ పైకెత్తి, మిగిలిన గొంతుతో, ఘాట్ దగ్గర అరిచినట్టే అరిచాడు.

"వచ్చే ఏడు?"

"మళ్ళీ జరుగుతుంది!" అన్నారు ఐదుగురూ, ఘాట్ దగ్గర జనం అన్నట్టే.

అన్నాక పిల్లలకి త్వరలో పడబోయే తాళం గుర్తొచ్చి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆయన చేతులు ఇంకా పైనే ఉన్నాయి. అమ్మవారిని పంపుతూ అన్న మాట అది. వరదలొచ్చిన ఏడు కూడా మోకాలి లోతు నీళ్ళలో పందిరి వేశారే గాని మా పేటలో ఎవరూ ఆ మాట తప్పలేదు.

"ఫరవాలేదు బాబా" అంది ఝిమ్లి నెమ్మదిగా. "నువ్వు ఒక్క నెలే అన్నావు కదా. నాకు గుర్తుంది."

"ఏడాదికి ఒకేసారి కడితే ఎంత?" అన్నాడాయన, పీలగా.

"మూడు వేలు. కానీ నువ్వు..."

"నేను మిఠాయి కొట్టు ముందు అన్నది కాదు తల్లీ. ఇప్పుడు అమ్మవారి ముందు అన్నది." ఫోన్ తీసి, ఎక్కడ నొక్కాలో అడక్కుండా తనే నొక్కాడు. నొక్కి, పిల్లల మధ్య నేల మీద చతికిలబడ్డాడు. "ఊఁ, చూస్తారేం? వచ్చే ఏటికి మొదటి రాట పాతండి. నేను చూడాలి."