వెనక పేజీ జవాబు

పచారీ కొట్టు పైనున్న ట్యూషను గదిలో పద్యాలకూ లెక్కలకూ టీచరమ్మ ఒక్కతే. పద్యం దగ్గర పిల్లలు తలా ఒక అర్థం లాగి జుట్లు పట్టుకుంటుంటే, ఆవిడ మధ్యలో కూర్చుని చలిమంట కాగుతున్నంత హాయిగా వినేది. లెక్క దగ్గర మాత్రం, "చెప్పింది కాదు, చేసింది చూపించు" అనేది.

ఆ సాయంత్రం పిచ్చుక నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టింది. గుప్పెడు పిల్ల, గంపెడు గోల. అందుకే ఆ పేరు. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర లోతు ఉన్న తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయి? పిల్ల పెన్సిలుతో మూడు వేలని వేసింది. పుస్తకం వెనక పేజీలో మూడు వందలని ఉంది.

టీచరమ్మ రెండుసార్లు చేసి చూసింది. "నీదే రైటు. అచ్చులో సున్నా ఎగిరిపోయింది."

గుమ్మంలో నిలబడ్డ ట్యూషను యజమాని అదాటున లోపలికొచ్చాడు. "బళ్ళో మాస్టారు వెనక పేజీ చూసే దిద్దుతాడమ్మా. ఈ హోంవర్కు మార్కులతోనే మొదటి సెక్షను జాబితా వేస్తారు. పిల్ల ఒక్క మార్కు అంచున ఉంది. ఆ సున్నా తుడిపించండి. సున్నాయే కదా, ఏం పోయింది?"

"పది బిందెల్లో తొమ్మిది పోయాయి సార్."

పిల్లలు కిసుక్కుమన్నారు. యజమాని గొంతు పెంచాడు.

"పద్యానికి పది అర్థాలు చెప్పినా ఊరుకున్నాను. లెక్కకి జవాబు ఒక్కటే!"

"అందుకే తుడవనంటున్నా."

పిచ్చుక ఆగలేకపోయింది. "సార్, మూడొందలంటే డ్రమ్మున్నర. మా నాన్న కాళ్ళు చాపుకుని పడుకునేంత తొట్టికి డ్రమ్మున్నరేనా? మేడమీద మీ ట్యాంకు ఇంతకంటే చిన్నది, అందులోనే వెయ్యి పడతాయిగా?"

"అది ట్యాంకు. ఇది హోంవర్కు!"

ఈసారి నవ్వు కింద కొట్టుదాకా వినిపించింది. యజమాని మొహం కందగడ్డయింది. "తుడిపిస్తారా, రేపట్నుంచి మానేస్తారా? మార్కు పోతే వాళ్ళమ్మ కడిగేది నన్ను."

ఇంకో పని దొరకాలంటే ఎన్ని గుమ్మాలెక్కాలో టీచరమ్మకి తెలుసు. అయినా పెన్ను తీసి మార్జిన్లో, 'పిల్ల లెక్క ఒప్పు, పుస్తకం తప్పు' అని రాసి సంతకం గీకింది.

"పొద్దున గంట కొట్టేసరికి మీ మాస్టారి ముందుంటానే. ఆయన చేతే ఈ లెక్క చేయిస్తా. ఒప్పుకుంటాడో లేదో చెప్పలేను. మార్కు నీది. తుడుచుకుంటానంటే తుడుచుకో, నేనేమీ అనుకోను. నా చేత్తో మాత్రం తుడవను."

పిచ్చుక పెదవి కొరుక్కుంది. పక్క పిల్ల పెన్ను లాక్కుని, పెన్సిలు అంకె మీదే ఒత్తి ఒత్తి దిద్దింది. మూడు, సున్నా, సున్నా, సున్నా. యజమాని చూస్తుండగానే ఇంకు ఆరేదాకా ఊదింది.