తాళంచెవిలోని బిళ్ళ

మధ్యాహ్న భోజనమయ్యాక డ్రైవింగు మాస్టారు కునుకు తీయడం, ఆయన భార్య కుట్టుమిషను ముందు కూర్చోవడం ఆ ఇంట తప్పని క్రమం. ఆనాడు మాత్రం కునుకుకు ముందు మాస్టారు కారు తాళంచెవిని బల్లమీద పడవేసి విసుక్కున్నారు.

"ఎన్నిసార్లు నొక్కినా తలుపు తెరుచుకోదే! బ్యాటరీ అయిపోయినట్టుంది. సాయంత్రం మార్పిస్తాను."

"మీకెందుకు శ్రమ? నేను మారుస్తాలెండి," అన్నది ఆమె, మరీ మెత్తగా.

ఆ మెత్తదనం వెనుక ఎన్నాళ్ళుగానో రగులుతున్న కుంపటి ఉంది. ఆయన దగ్గర ఒక పళ్ళ డాక్టరమ్మ కారు నేర్చుకుంటోంది. ఇంటికి వస్తే ఆయన నోట ఆవిడ ముచ్చటే. తాను నేర్పమని అడిగినప్పుడు మాత్రం, "బట్టలు కుట్టుకునేదానివి, నీకెందుకే స్టీరింగు?" అని నవ్వేశారు.

వీధి చివరి గడియారాల కొట్టులో కొత్త బ్యాటరీ బిళ్ళ అందిస్తూ, "పాతది పారేస్తారా, వింటారా?" అని అడిగాడు కొట్టతను, సంచీ కావాలా అన్నంత మామూలుగా. తాళంచెవిలోంచి తీసిన బిళ్ళను చెవికి ఆనిస్తే, అందాకా కారులో పలికిన మాటలన్నీ వినబడతాయని ఎరుగని వారెవరు?

"వింటాను."

"విన్నాక గిన్నెలు విసరకండమ్మా. పోయినవారం ఒకావిడ విసిరి, మళ్ళీ కొనుక్కోవడానికి పక్క గిన్నెల కొట్టుకే వచ్చింది."

ఇల్లు చేరి, తాళంచెవి అంచున ఉన్న సన్నని గంటులో కత్తెర మొన దూర్చి డిప్పను విప్పింది. పాత బిళ్ళను గోటితో పెకలించి, ప్లస్సు గుర్తు చూసుకుని కొత్తది కూర్చి, టక్కున మూసింది. ఆపైన పాతదాన్ని చెవికి ఆనించింది.

మొదట తలుపు చప్పుడు. వెంటనే డాక్టరమ్మ నవ్వు. ఆ తరువాత ఆయన గొంతు.

"కంగారు లేదండీ. క్లచ్చు పూర్తిగా నొక్కండి. ఇప్పుడు మెల్లగా, ఇంకా మెల్లగా వదలండి. ఆఁ, శభాష్! అరె, ఆగిపోయిందా? పోనీలెండి, మళ్ళీ చేద్దాం."

ఆమె ఒళ్ళు భగ్గుమన్నది. సరసం కోసం వెతికింది, సరసం లేదు. ఉన్నదంతా ఓర్పే. కూరలో ఉప్పు పిసరంత ఎక్కువైతే కంచం నెట్టివేసే మనిషి, పరాయి ఆవిడ కారును నడిమధ్య ఆపేసినా "పోనీలెండి" అంటున్నాడు! వలపైతే క్షమించేదేమో, ఈ ఓర్పును మాత్రం ఆమె సహించలేకపోయింది.

అంత అసూయలోనూ పాదం ఊరకుండలేదు. "నొక్కండి" అన్నప్పుడు మిషను తొక్కుడుపలకను నొక్కింది; "వదలండి" అన్నప్పుడు వదిలింది. అది మొదలు ప్రతి మధ్యాహ్నం ఆయన గురక ఒక చెవిలో, ఆయన పాఠం మరొక చెవిలో. డాక్టరమ్మకు వడ్డించిన విద్యనంతా ఆమె పళ్ళు కొరుకుతూనే ఆరగించింది. సెలవునాళ్ళలో తన తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ మైదానంలో వాడి కారు నడిపింది.

లైసెన్సు పరీక్షనాడు డాక్టరమ్మ కారు మొదటి మలుపులోనే మొండికేసింది. అదే పరీక్షకు వచ్చిన ఈమె నడిపిన కారు పట్టుబట్టలో సూదిలా సాగిపోయింది.

"ఇంత నున్నగా నడపడం ఎవరు నేర్పారండీ మీకు?" అని చెయ్యి పట్టుకుంది డాక్టరమ్మ.

"మా ఆయనే," అన్నది ఆమె. శిష్యురాలి వెంట వచ్చి పక్కనే ఉన్న మాస్టారు నోరు వెళ్ళబెట్టారు.

"నాకు మీరే నేర్పాలి. మాస్టారు మంచివారే కానీ, పక్కనుంటే నాకు కాళ్ళు ఆడవు."

డాక్టరమ్మ వెంట మరికొందరు ఆడవాళ్ళు ఆమె దగ్గర నేర్చుకోవడానికి వచ్చి చేరారు. కుట్టుమిషనుకు ముసుగు పడింది.

ఒక ఉదయం బయలుదేరబోతూ ఆమె తాళంచెవి కోసం ఇల్లంతా వెతికింది. వరండాలో మాస్టారు దాని డిప్ప విప్పి, బిళ్ళను చెవికి ఆనించుకుని కూర్చున్నారు.

"ఏం వినబడుతోందండీ?"

"నువ్వు నవ్వుతున్నావు," అన్నారు ఆయన ముఖం మాడ్చుకుని. "ఇంట్లో ఏనాడైనా అలా నవ్వావా? పక్కన ఎవరు?"

"అప్పటికి ఇంకా ఎవరూ ఎక్కలేదు. ఒక్కదాన్నే ఉన్నాను."

ఆయన నమ్మలేదు. రెండో గొంతు కోసం బిళ్ళను మరింత గట్టిగా చెవికి అదుముకున్నారు.

"ఇటివ్వండి," అని ఆమె చేయి చాచింది. "నాకు ఆలస్యమవుతోంది."