పదకొండో గడి

"అమ్మ దుప్పటి తడిసినట్టుంది, చూడు" అని గుమ్మంలో నిలబడి చెప్పి, పేపరు పట్టుకుని హాల్లోకి వెళ్లిపోయాడు, పగలంతా ఇంట్లోనే ఉండే మా ఆయన. చూడటం ఆయనకీ వచ్చు, చూశాడు కాబట్టే చెప్పాడు. మార్చడమే రాదు. పక్షవాతం వచ్చి అత్తయ్య మంచాన పడి ఏడు నెలలు. ఆవిడని ఒక పక్కకు దొర్లించి, తడిసింది సగం చుట్టి, పొడిది సగం పరిచి, మళ్లీ ఇటు దొర్లించేసరికి నా నడుము నాది కాదు. ఎనిమిదిన్నరకు బస్సు. "మా అత్తగారికి నేను తొమ్మిదేళ్లు చెయ్యలేదా" అంటుంది ఆవిడ, వంకరపోయిన నోటితో. చేసింది పాపం. ఆవిడనీ ఎవరూ అడిగి ఉండరు.

"నువ్వు వెళ్లకపోతే ఆఫీసు మూతపడుతుందా?" అని ఈమధ్య రోజూ అంటున్నాడాయన. నేను వినిపించుకోనట్టే బస్సెక్కుతున్నాను.

నేను చేసేది మునిసిపల్ ఆఫీసులో. ఇన్నాళ్లూ ఆసుపత్రిది ఒక దారి, సంక్షేమ శాఖది ఇంకో దారి. మధ్యలో జనం కాళ్లరిగేలా తిరిగేవాళ్లు. రెండింటినీ ఒక్క కిటికీ దగ్గర కలపమని పైనుంచి ఆర్డరొస్తే ఆ పని మా నెత్తిన పడింది. డాక్టరు చీటీకి, ఇంటికొచ్చే నర్సుకి, సాయం మనిషికి, అన్నిటికీ ఒకే దరఖాస్తు. దాన్ని తయారుచేసింది నేను. మీటింగులో చదివి మా ఆఫీసరు చప్పట్లు కొట్టించుకున్నాడు. "మేడం చేతిరాత ముత్యాల్లా ఉంటుంది" అని అందరి ముందూ నన్ను మెచ్చుకుని, టీలు వచ్చాయేమో చూడమన్నాడు.

అందులో పదకొండో గడి పూర్తిగా నా ఆలోచన. 'ఇంట్లో చూసుకునేవారు ఉన్నారా?' ఉంటే ఆ మనిషికి వారానికొక పూటైనా విశ్రాంతి ఇప్పించవచ్చని నా ఆశ. ఎంత పిచ్చిదాన్ని. ఆఫీసరు ఆ గడి దగ్గర వేలు పెట్టి, "ఉన్నారంటే మనం ఎవర్నీ పంపక్కర్లేదన్నమాట, భలే పెట్టారు" అన్నాడు. ఆ రోజు నుంచి కోడలో కూతురో పెళ్లామో ఉన్న ప్రతి ఇంటి దరఖాస్తూ పక్కన పడేశాం. పక్కన పడేసే సంతకం నాదే.

పోయిన వారం బట్టలు కుట్టే ఒకావిడ వచ్చింది. వాళ్ల మామగారికి నర్సు కావాలి. "మీరున్నారు కదమ్మా" అన్నాను. "ఉన్నానని మీకెవరు చెప్పారు? మా ఆయన రాశాడు. నన్నెవరూ అడగలేదు. మిషను తొక్కి ఆర్నెల్లయింది" అంది. రూలంతేనన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో తలచుకుంటే ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

ఈ రోజు ఆసుపత్రి నుంచి వచ్చిన కట్టలో అత్తయ్య దరఖాస్తు ఉంది. రోజుకు రెండు పూటలా నర్సు కావాలని డాక్టరు రాశాడు. కింద ఇంటి వివరాలు మా ఆయన చేతిరాత. పదకొండో గడిలో: 'ఉన్నారు. కోడలు. వచ్చే నెల ఉద్యోగం మానేస్తోంది.'

మూడుసార్లు చదివాను. నేను ఉద్యోగం మానేస్తున్నానన్న కబురు నాకు నా బల్ల మీదే, నేను గీసిన గడిలోనే అందింది. ఏడుపు రాలేదు.

పక్కన పడేసిన కట్టలోంచి బట్టలు కుట్టే ఆవిడ దరఖాస్తు వెతికి తీశాను. దాని మీద ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. మా ఇంటిదాని మీద ఇలా రాశాను: 'ఇది మా ఇంటిదే, నిర్ణయం ఆఫీసరుగారిదే. గడిలో పేర్కొన్న మనిషిని విచారించాను. తాను అందుబాటులో లేనని, ఉద్యోగం మానడం లేదని చెప్పింది.' రెండూ తీసుకెళ్లి ఆఫీసరు ముందు పెట్టాను.

"ఏంటమ్మా ఇది, ఇంటి గొడవలు ఆఫీసుకు తెస్తారా?"

"రెండింటినీ కలపడమే కదండీ మన పని."

ఆయన కలం తీసి, రెండిళ్లకీ రేపు పొద్దున తనిఖీ అని రాశాడు.

సాయంత్రం నేను చెప్పులు విడవకముందే మా ఆయన ఎదురొచ్చాడు. "మీ ఆఫీసు నుంచి ఫోను. చూసుకునేవాళ్లు లేరని ఎవరో రాశారట, రేపు పదింటికి ఇంటికొచ్చి చూస్తారట. ఎవడు రాశాడది?"

"నేనే."

ఆయన లోపలి గది వైపు చూశాడు. లోపల అత్తయ్య మంచం కిర్రుమంది. "మరి వాళ్లొచ్చి కోడలు ఎక్కడని అడిగితే నన్నేం చెప్పమంటావ్?"

"ఉన్నదే చెప్పండి. ఆఫీసుకెళ్లిందని."