ఐదో డిస్కు

తొమ్మిదేళ్లుగా బీదరులో మా చర్చి రికార్డింగు గది తాళంచెవి నా జేబులోనే ఉంది. అలాంటిది వరంగల్ నుంచి ప్రణయ్ దిగాడు. ఊరి పక్కనున్న కొల్హార్‌లో ఏదో కంపెనీలో కంప్యూటర్ల పని. ఆర్నెల్లు తిరగకముందే అందరి నోటా వాడి పేరే. నా పెళ్లాం హేబ్సిబా కూడా, "ప్రణయ్ ఎంత సాఫ్‌గ చెప్తడో" అంటుంది. నేను చెబితే ఆవలిస్తుంది.

కొత్త సంవత్సరం నుంచి రికార్డింగు మిషను వాడికి అప్పగిస్తానన్నాడు పాస్టరు. నాకు ఒళ్లు మండింది. మేం రికార్డు చేసిన పాటలన్నీ దాచేది అందులోనే. ఐదు డిస్కులు కలిసి ఒకే నిల్వ, దాన్నే పూల్ అంటారు. ఒకటి పోయినా పాటలు పోవు, రెండు పోతే అన్నీ పోతాయి. గురువారం ఒకటి లాగి నా బండి డిక్కీలో పెట్టుకున్నాను. ఎర్రలైటు చూసి వాడు నలుగురిలో నోరు వెళ్లబెట్టాలి, నేను వెళ్లి సరిచేయాలి. అంతే నా ఆలోచన.

శనివారం క్రిస్మస్‌కని గోడలకు సున్నాలు వేస్తారని, సామానంతా వరండాలో పెడతారని నాకు తట్టనే లేదు. ఏటా ఆ పని చేయించేదే నేను. మిషనుమీద సున్నపు నీళ్లు పడి ఇంకో డిస్కు చచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టరు చూడమంటే ప్రణయ్ మిషను ముందు కూర్చున్నాడు. పూల్ లేవలేదు, ఒక్క పాటా తెరుచుకోలేదు. హేబ్సిబా గుమ్మం పట్టుకుని నిలబడింది. నిరుడు గొంతు ఆపరేషన్ అయ్యాక ఆమె పాడలేకపోతోంది. పాడినవన్నీ అందులోనే ఉన్నాయి. వేరే కాపీ తీసిపెట్టమని ప్రణయ్ రెండుసార్లు చెప్పాడు. వాడు చెప్పాడనే నేను తీయలేదు.

"ఇంకొక్క డిస్కు దొర్కితే లేస్తది అక్కా. లేకుంటే కష్టం," అన్నాడు.

"ఎట్లన్న చెయ్ తమ్మీ," అంది ఆమె బొంగురు గొంతుతో. వాడివైపే చూస్తోంది. నావైపు ఒక్కసారీ తిరగలేదు.

వెళ్లి డిస్కు తెచ్చి వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని ఎక్కించి, పూల్‌ను గురువారం నాటి స్థితికి వెనక్కి తిప్పాడు. తెరమీద ఒక వరుస కనిపించింది: ఐదో డిస్కు తీసినది గురువారం, సాయంత్రం నాలుగూ పది. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో వాడికి తెలుసు. నా మొహం చూసి ఆ వరుస మూసేశాడు.

కాసేపటికి హేబ్సిబా పాట గదంతా వినిపించింది. ఆమె ఏడ్చేసింది.

"అన్ననే దొర్కబట్టిండు అక్కా," అన్నాడు ప్రణయ్.

అప్పుడు తిరిగింది నావైపు. ఆ చూపు కోసమే కదా ఇంతా చేసింది. కానీ అది వాడు నాకు పెట్టిన భిక్ష. పనిలో వాడే గెలిచాడు, మంచితనంలోనూ వాడే గెలవాలా?

"దొర్కుడేంది? నేనే తీసి దాసిన," అన్నాను.

హేబ్సిబా కళ్లు తుడుచుకుని నా ముందు చెయ్యి చాపింది. జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాను.