పగిడయ్య ఊపిరి

తునికిగుంపు అనే కోయగూడెంలో పొద్దున్నే లేచేవి ముందు కోళ్లు, ఆ తర్వాత జంపక్క, ఆ తర్వాత ట్రాక్టరు. ట్రాక్టరు లేవనైతే లేస్తుంది గానీ, చలి ముదిరినప్పటి నుంచీ దానికి పని అంటేనే ఒళ్లు బరువైంది. ఇంటి ముందు నిలబడి ఉన్నంతసేపూ బుద్ధిగా గుడగుడలాడుతుంది. చేన్లోకి దిగి, నాగళ్లు నేలలో దించి పది గజాలు లాగేసరికి గొంతు సన్నబడి ఆగిపోతుంది. ఎండెక్కాక మళ్లీ ఏమీ ఎరగనట్టు దున్నేస్తుంది. అప్పటికి సగం రోజు గంగలో కలిసినట్టే.

ఆ ట్రాక్టరు మహిళా సంఘానిది. సీటు జంపక్కది. ఆ సీటంటే ఆమెకు ప్రాణం. దాని మీద కూర్చుంటే ఊళ్లో తనకంటే పొడుగు వాళ్లు ఎవరూ ఉండరని ఆమె లెక్క. యాసంగి దుక్కులు వెనకబడేసరికి మాత్రం ఊరు నోరు విప్పింది. బండిలో లోపం లేదట, ఆడదాని చేతిలోనే ఉందట. నిన్నటిదాకా అదే చేతితో దున్నించుకున్నవాళ్లే ఈ మాటన్నారు.

సంఘం పెద్ద ముత్తక్క. జంపక్కకు మేనత్త, తల్లి పోయాక పెంచి పెద్ద చేసింది కూడా ఆమే. అందుకే ఆమె దగ్గర జంపక్కకు పిసరంత దయ కూడా దొరకదు.

"శుక్రవారం దాంక చూస్త," అంది ముత్తక్క. "పొద్దుగాల, లోడు తోటి గుట్ట ఎక్కాలె. ఎక్కినవా, సీటు నీదే. ఎక్కకపోతే చర్ల నుంచి డ్రైవర్‌ను పిలుస్త."

"అత్తా, నా చెయ్యి నీకు తెల్వదా?"

"తెల్సు. తెల్సినా నేను నోరు తెరవొద్దు. మేనకోడలని సీటిచ్చిందంటరు."

జంపక్క దుమ్ముగూడేనికి కబురు పెట్టి మెకానిక్ పగిడయ్యను పిలిపించింది. బుధవారం పొద్దున ఆయన తన బైకు మీద వచ్చాడు. ఆ బైకును ఆయన కన్నబిడ్డలా చూసుకుంటాడు. చూసుకోకపోతే ఆయనకే కష్టం. ఏ ఇంజన్ దగ్గర నిలబడితే ఆ ఇంజన్‌కున్న రోగం పగిడయ్య ఒంట్లోకి వస్తుంది మరి. డీజిలు పైపులో గాలి చేరితే ఎక్కిళ్లు పడతాయి. నాజిల్ కారుతుంటే ముక్కు కారుతుంది. లారీలు ఆగే చోట ఆయన టీ కూడా తాగడు. చుట్టుపక్కల వాళ్లంతా ఆ పద్ధతికే అలవాటు పడ్డారు. బండికేమైందని అడగరు, "పగిడన్నకేమైంది?" అని అడుగుతారు.

ఆ రోజు ట్రాక్టరు పది గజాలు లాగి ఆగిందో లేదో, పగిడయ్య ఛాతీ పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"ఊపిరాడ్తలేదు చెల్లె. ముక్కుకు బట్ట కట్టినట్టున్నది. ఫిల్టర్ల ఏదో అడ్డం పడ్డది."

పాత ఫిల్టరు తీసి కొత్తది బిగించాడు. స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ లోపలి గాలిని తీశాడు. బుడగ బుడగకూ ఒక ఎక్కిలి వచ్చింది. బుడగలు ఆగి నికార్సయిన డీజిలు కారాక ఆయన ఎక్కిళ్లూ ఆగాయి. మధ్యాహ్నం ట్రాక్టరు ఎగిరెగిరి దున్నింది. అన్నం తిని బైకెక్కబోతున్న ఆయన్ని జంపక్క ఆపింది.

"అన్నా, ఎండల అది రోజూ మంచిగనే ఉంటది. దాని యేషాలన్ని పొద్దుగాలనే. ఈ రాత్రికి ఉండు."

ఆయన పక్కింటి బొజ్జయ్య వాకిట్లో పడుకున్నాడు. గురువారం పొద్దున ట్రాక్టరు మళ్లీ పది గజాలకే ఆగింది. పగిడయ్య మళ్లీ కూలబడ్డాడు. నిన్న బిగించిన కొత్త ఫిల్టరు విప్పి చూస్తే, మడతల నిండా పేరిన నెయ్యి లాంటిదేదో పట్టి ఉంది. వేలితో తీసి ఎండలో పట్టుకున్నాడు. కాసేపటికి కరిగి మణికట్టు దాకా కారింది. వాసన చూశాడు.

"ఇప్పనూనె!"

ఇప్ప గింజల నూనె చలికాలం గడ్డకడుతుందని ఆ ఊళ్లో ఎవరికి తెలియదు! పొయ్యి దగ్గర పెడితే గానీ కూరలోకి దిగదు.

"డీజిలు దేంట్ల తెస్తున్రు?"

జంపక్క చూరు కింద ఉన్న తెల్ల క్యాను చూపించింది. బంకు చాలా దూరం. అందుకని క్యాన్లలో తెచ్చుకుని ట్యాంకులో పోస్తారు. పాత క్యాను పగిలితే, ముత్తక్కే పోయిన నెల తన నూనె క్యాను ఖాళీ చేసి, బూడిద పెట్టి మూడుసార్లు కడిగి మరీ ఇచ్చింది. అడుగున పేరుకున్న నూనె చల్లనీళ్లకు కదలలేదు. డీజిలు పోస్తే మాత్రం హాయిగా అందులో కలిసిపోయింది. చలికి ఫిల్టరులో గడ్డకట్టడం, ఇంజన్ వేడికీ ఎండకీ కరగడం, రోజూ అదే తంతు.

"ఇంకేంది! రేపు అందరి ముందట చెప్పు," అన్నాడు పగిడయ్య. "తప్పు నీది కాదు, మీ అత్తది."

జంపక్క ఆ క్యానును బోర్లించి పక్కన పెట్టింది.

"అడిగితే నాదే అని చెప్త. నువ్వు గూడ గట్లనే చెప్పన్నా. నలుగుర్ల ఆమె తల దించొద్దు."

ఇద్దరూ కలిసి ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, వేరే క్యానులో తెచ్చిన కొత్త డీజిలు పోశారు. ఇంకో ఫిల్టరు వేశారు.

శుక్రవారం పొద్దున మంచు విడవకముందే సంఘం ఆడవాళ్లు మొక్కజొన్న బస్తాలతో నిండిన ట్రాలీ ఎక్కారు. ఇన్నాళ్లూ ట్రాక్టరు ఛాయలకు రాని ముత్తక్క కూడా వచ్చి ముందు బస్తా మీద కూర్చుంది. మడ్‌గార్డు మీద పగిడయ్య. ట్రాక్టరు గుట్ట మొదలుకు వచ్చింది. గేరు తగ్గించి జంపక్క ఎక్కించింది. గొంతు సన్నబడలేదు. సగం గుట్ట, ముప్పావు గుట్ట. వెనక ఆడవాళ్లు కేకలు పెట్టారు. జంపక్క నవ్వుతూ పగిడయ్య వైపు తిరిగింది.

ఆయన ముఖం నల్లబడి ఉంది. నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాడు.

ఇంజన్ గొంతు నిండుగా ఉంది. పొగ సన్నగా ఉంది. గుట్ట తల ఇంకా ఇరవై గజాలే. అవి దాటేస్తే సీటు తనది. దాటాక చూసుకోవచ్చనుకుంది జంపక్క. అనుకున్న మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది. బ్రేకు తొక్కి ఇంజన్ ఆపేసింది.

"ఆగె! మళ్ల ఆగె!" అంది ట్రాలీలోంచి ఎవరో.

"ఆగలేదు, ఆపిన," అంది జంపక్క. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సీటు పోయిందని ఆమెకు తెలుసు.

ఇంజన్ ఆగింది గానీ పగిడయ్య ఆయాసం ఆగలేదు. దిగి, బానెట్ దాకా నడిచాడు. కొంచెం తేలికపడింది. ట్రాలీ వైపు వచ్చాడు, ఎక్కువైంది. ట్రాలీ అంచు పట్టుకుంటూ ముత్తక్క కూర్చున్న చోటికి వచ్చి మోకాళ్ల మీద పడ్డాడు.

"బండి మంచిగున్నది," అన్నాడు రొప్పుతూ. "ముత్తక్కా, నీకేడ నొస్తున్నది?"

అంత చలిలో ముత్తక్క ముఖం నిండా చెమట.

"ఏం లేదు. నాలుగు రోజుల సంది ఎడమ చెయ్యి గుంజుతున్నది. దుక్కులైనంక చూపిచ్చుకుంట."

 ఆడవాళ్లు బస్తాలన్నీ దించి ముత్తక్కను పడుకోబెట్టి, పగిడయ్యనూ ఎక్కించుకున్నారు. ఫోను చేస్తే, అంబులెన్సు చర్ల దగ్గర కాన్పు కేసులో ఉందన్నారు. జంపక్క ట్రాక్టరు తిప్పింది. భద్రాచలం దాకా ఆ గుంతల రోడ్డు మీద అత్తకు కుదుపు తగలకుండా, ఒక్క నిమిషం పోగొట్టకుండా నడిపింది. "నిద్రపోకు అత్తా, నిద్రపోకు" అని కోయ భాషలో అరుస్తూనే ఉంది.

దవాఖానాలో ముత్తక్కను లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసుకుంది. జంపక్క తలుపు వైపు చూడలేదు. ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్న పగిడయ్య ఛాతీనే చూస్తూ కూర్చుంది. అది ఎగిరెగిరి పడుతోంది. ఒకసారి బొత్తిగా కదలలేదు. జంపక్క ఆయన చెయ్యి పట్టుకుంది. మళ్లీ కదిలింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆయన ఒక నిండు ఊపిరి తీశాడు. దాని వెనక ఇంకొకటి. ముఖంలోకి రంగు వచ్చింది.

"చెల్లె, ఈడ చాయ్ దొరుకుతదా?" అన్నాడు.

జంపక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నవ్వింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చి, ట్రాక్టరు నడిపినామె ఎవరని అడిగింది.

"నేనే."

"గండం గడిచింది. పెద్దామె కళ్లు తెరిచి ఒకటే పోరు పెడుతోంది. 'ఈడ కూసోని ఏం చేస్తదో, ఇంటికి పొమ్మను, రేపు పొద్దుగాల బొజ్జయ్య చేను దున్నాలె' అంటోంది."